బ్యాక్టీరియా దగ్గర జన్యువు ఉంది సరే, వాడేది ఎప్పుడు?

1940లో పారిస్ జర్మన్ సైన్యం చేతిలో ఉంది. ఆ రోజుల్లో అక్కడ జాక్ మోనో అనే యువ పరిశోధకుడు బ్యాక్టీరియాకు రెండేసి చక్కెరలు కలిపి పెట్టి, అవి ఎంత వేగంగా పెరుగుతున్నాయో కొలుస్తున్నాడు. కొన్ని జంటలతో గ్రాఫు మామూలుగానే పైకి పోయింది. కొన్నిటితో మాత్రం గీత పైకి లేచి, మధ్యలో కాసేపు అడ్డంగా సాగి, మళ్లీ లేచింది. మన పేగుల్లో ఉండే ఈకొలి బ్యాక్టీరియాకు గ్లూకోజ్, పాలల్లోని చక్కెర లాక్టోజ్ కలిపి పెడితే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ముందు గ్లూకోజ్ మొత్తం తినేస్తుంది. అది అయిపోగానే పెరగడం ఆపేస్తుంది. లాక్టోజ్ చుట్టూ కావలసినంత ఉంటుంది, అయినా వెంటనే తినలేదు. కాసేపటికి ఆ లాక్టోజే తింటూ మళ్లీ పెరుగుతుంది.

ఆగిన ఆ కాసేపట్లో ఏం జరుగుతోందన్న ప్రశ్నకు పూర్తి జవాబు రావడానికి ఇరవై ఏళ్లకు పైనే పట్టింది. బ్యాక్టీరియా తన జన్యువులను ఎలా అదుపులో పెట్టుకుంటుందో మనకు మొదట తెలిసింది ఆ జవాబు వల్లే. ఒక సూక్ష్మజీవి గురించి మాట్లాడేటప్పుడు దాని దగ్గర ఏ జన్యువులున్నాయో చెప్పి ఊరుకుంటే సగం విషయమే చెప్పినట్టు. వాటిని ఎప్పుడు, దేన్ని గుర్తించి వాడుతుందో తెలిస్తేనే దాని ప్రవర్తన అర్థమవుతుంది. ఆస్పత్రిలో మందు పని చేస్తుందా లేదా అన్న దాకా ఈ తేడా వస్తుంది.

ఈకొలి పొడవు మిల్లీమీటరులో ఐదు వందలో వంతు. దానికి దాదాపు 4,300 జన్యువులున్నాయి. అన్నిటినీ ఒకేసారి వాడితే అది బతకలేదు. ఒక్కో ప్రొటీన్ తయారు చేయాలంటే అమైనో ఆమ్లాలు కావాలి, శక్తి కావాలి, ప్రొటీన్లను తయారు చేసే రైబోజోములు ఖాళీగా ఉండాలి. లాక్టోజ్‌ను విడగొట్టే బీటా గెలాక్టోసిడేజ్ ఎంజైమునే తీసుకోండి. వెయ్యికి పైగా అమైనో ఆమ్లాలున్న గొలుసులు నాలుగు కలిస్తే అలాంటి ఎంజైము ఒకటి తయారవుతుంది. లాక్టోజ్ లేని చోట వేల కొద్దీ వీటిని తయారు చేసే కణం, ఆ పని చేయని పక్క కణం కన్నా నిదానంగా పెరుగుతుంది. పోషకాలు బాగా దొరికే చోట ఈకొలి ఇరవై నిమిషాలకోసారి రెండుగా చీలుతుంది కాబట్టి, కొద్దిపాటి వెనకబాటు కూడా కొన్ని రోజుల్లో దాన్ని పోటీలో లేకుండా చేస్తుంది.

పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే వరండాకు ఒక చివర మోనో లాక్టోజ్ మీద పని చేసేవాడు. ఇంకో చివర ఫ్రాన్స్వా జాకబ్, బ్యాక్టీరియా లోపల నిద్రాణంగా పడి ఉండే వైరస్ మీద పని చేసేవాడు. ఆ వైరస్ డీఎన్ఏ బ్యాక్టీరియా డీఎన్ఏలో కలిసిపోయి తరాల తరబడి ఊరికే ఉంటుంది, అతినీలలోహిత కాంతి తగిలితే ఒక్కసారిగా లేచి కణాన్ని పగలగొడుతుంది. 1958 వేసవిలో సినిమా హాల్లో కూర్చుని ఉండగా జాకబ్‌కు తట్టింది: ఈ రెండూ ఒకే సమస్య. రెండు చోట్లా జన్యువులు సిద్ధంగానే ఉన్నాయి, వాటిని ఏదో పట్టి ఆపుతోంది.

దీన్ని నిరూపించిన ప్రయోగం చాలా అందమైనది. దాన్ని జాకబ్, మోనోలతో పాటు అమెరికా నుంచి వచ్చిన ఆర్థర్ పార్డీ చేశాడు, ఫలితాలు 1959లో అచ్చయ్యాయి. కొన్ని బ్యాక్టీరియాలు తమ డీఎన్ఏను పక్క బ్యాక్టీరియాలోకి పంపగలవు. ఎంజైము జన్యువు, దాన్ని అదుపు చేసే జన్యువు రెండూ చెడిపోయిన కణాల్లోకి, ఆ రెండూ బాగున్న డీఎన్ఏను వీళ్లు పంపించారు. చుట్టూ లాక్టోజ్ లేదు. అయినా కొత్త డీఎన్ఏ అందిన కొద్ది నిమిషాల్లోనే ఎంజైము తయారీ మొదలైంది. గంట, గంటన్నర గడిచేసరికి ఆ తయారీ ఆగిపోయింది. అంటే అదుపు చేసే జన్యువు నుంచి ఒక పదార్థం తయారై, కణంలో కొంత మోతాదు చేరాక, ఎంజైము జన్యువును ఆపుతోందన్నమాట. ఆ పదార్థానికి రిప్రెసర్ అని పేరు పెట్టారు. 1961లో జాకబ్, మోనో ఈ సిద్ధాంతాన్ని పూర్తి రూపంలో ప్రచురించారు. 1965లో ఆంద్రే ల్వోఫ్‌తో కలిపి వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి రిప్రెసర్‌ను ఎవరూ చూడలేదు. మరుసటి ఏడాది హార్వర్డ్‌లో వాల్టర్ గిల్బర్ట్, బెన్నో ముల్లర్ హిల్ దాన్ని వేరు చేసి, అది ప్రొటీనే అని తేల్చారు. ఒక కణంలో అది ఓ పది మాత్రమే ఉంటుంది. అంత తక్కువగా ఉన్నదాన్ని పట్టుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఇప్పుడు మనకు తెలిసిన కథ ఇదీ. లాక్టోజ్‌కు సంబంధించిన మూడు జన్యువులు డీఎన్ఏ మీద వరుసగా ఉంటాయి. వాటిని చదవడం, అంటే ప్రొటీన్ తయారీకి నకలు తీయడం, మొదలయ్యే చోటు మాత్రం ఒక్కటే. పెళ్లి పందిట్లో ఒక్క స్విచ్ వేస్తే సీరియల్ బల్బులన్నీ వెలిగినట్టు, మూడూ కలిసే మొదలవుతాయి, కలిసే ఆగుతాయి. ఇలాంటి జన్యువుల గుంపే ఆపరాన్. చదవడం మొదలయ్యే చోటును ఆనుకుని రిప్రెసర్ కూర్చునే స్థానం ఉంటుంది. రిప్రెసర్ అక్కడ ఉన్నంతసేపూ చదివే ఎంజైముకు దారి లేదు. లాక్టోజ్ కణంలోకి వచ్చినప్పుడు అందులో కొంత అల్లోలాక్టోజ్‌గా మారుతుంది. అది రిప్రెసర్‌కు అతుక్కోగానే రిప్రెసర్ ఆకారం కాస్త మారి, డీఎన్ఏ మీద పట్టు సడలుతుంది. అప్పుడు ఎంజైము తయారీ దాదాపు వెయ్యి రెట్లు పెరుగుతుంది.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచిస్తే ఒక చిక్కు కనిపిస్తుంది. లాక్టోజ్ లోపలికి రావాలంటే పర్మియేజ్ అనే రవాణా ప్రొటీన్ కావాలి. లాక్టోజ్ అల్లోలాక్టోజ్‌గా మారాలంటే బీటా గెలాక్టోసిడేజ్ కావాలి. ఈ రెండింటి జన్యువులూ రిప్రెసర్ ఆపి ఉంచిన ఆపరాన్‌లోనే ఉన్నాయి. లాక్టోజ్ వచ్చిందని తెలిస్తే తప్ప ఇవి తయారు కావు, ఇవి తయారైతే తప్ప లాక్టోజ్ వచ్చిందని తెలియదు. మరి మొదలయ్యేది ఎలా?

రిప్రెసర్ పట్టు నూటికి నూరు పాళ్లు గట్టిది కాదు, అందుకే మొదలవుతుంది. రిప్రెసర్ డీఎన్ఏ మీద రెండు చోట్ల పట్టుకుని మధ్య భాగాన్ని వంకీలా వంచుతుంది. అప్పుడప్పుడు ఒక చోట పట్టు జారుతుంది, వెంటనే మళ్లీ పట్టుకుంటుంది. ఆ సందులో ఒకటో రెండో ప్రొటీన్లు తయారవుతాయి. కాబట్టి ఏ కణంలోనైనా పర్మియేజ్, ఎంజైము కొద్దిగా ఉండనే ఉంటాయి. చాలా అరుదుగా మాత్రం రెండు చోట్లా ఒకేసారి పట్టు పోతుంది. అప్పుడు వందల కొద్దీ పర్మియేజ్‌లు ఒక్కసారిగా తయారవుతాయి. చుట్టూ లాక్టోజ్‌లాంటి పదార్థం ఉంటే అది వాటి ద్వారా విపరీతంగా లోపలికి వచ్చి, రిప్రెసర్‌ను మళ్లీ కూర్చోనివ్వదు. 2008లో హార్వర్డ్‌లో సన్నీ షీ బృందం పర్మియేజ్‌కు మెరిసే ప్రొటీన్ తగిలించి, దీన్ని ఒక్కో కణంలో విడివిడిగా చూసింది. దీనివల్ల ఒక పాత వింత కూడా అర్థమైంది. ఆపరాన్‌ను మొదలుపెట్టించే పదార్థం కొద్దిగా ఉన్నప్పుడు కణాలన్నీ సగం సగం పని చేయవని, కొన్ని పూర్తిగా మొదలుపెడితే మిగతావి అసలు మొదలుపెట్టవని నోవిక్, వైనర్ అనే పరిశోధకులు 1957లోనే చూపించారు. ఒకే డీఎన్ఏ ఉన్న రెండు కణాలు, ఒకే సీసాలో, రెండు రకాలుగా ఉంటాయి. యాదృచ్ఛికంగా జారే ఒక పట్టు మీద ఒక జీవి నిర్ణయం ఆధారపడి ఉండటం నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించే సంగతి.

గ్లూకోజ్ ఉన్నంతసేపూ లాక్టోజ్ ఎందుకు తినదన్నది మిగిలింది. గ్లూకోజ్ తగ్గినప్పుడు కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే అణువు పెరిగి, ఆపరాన్ చదవడానికి సాయపడుతుందని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. అది నిజమే. కానీ గ్లూకోజ్, లాక్టోజ్ రెండూ ఉన్నప్పుడు ఎక్కువ పని చేసేది ఇంకా సూటి పద్ధతి. గ్లూకోజ్‌ను లోపలికి తెచ్చే ప్రొటీన్ల బృందంలో ఒకటి, ఆ పనిలో ఉన్నంతసేపూ, పర్మియేజ్‌కు అంటుకుని దాన్ని పని చేయనివ్వదు. లాక్టోజ్ లోపలికే రాకపోతే రిప్రెసర్ కదలదు. పరీక్షల కోసం చదివే పిల్లలకు ఈ రెండో సంగతి కూడా చెబితే మోనో గ్రాఫు వాళ్లకు సరిగ్గా అర్థమవుతుంది.

లాక్టోజ్ లోపలికి వచ్చే పదార్థం. ఉప్పు, ఆమ్లం, శత్రువు విసిరే విషం లాంటివి బయటే ఉండగా కనిపెట్టాలి. దీనికి బ్యాక్టీరియా ఎక్కువగా వాడేది రెండు ప్రొటీన్ల జంటను. ఒకటి కణం పొరలో ఉంటుంది. దాని ఒక కొస బయటి పరిస్థితిని గుర్తిస్తుంది, రెండో కొస కణం లోపల ఉంటుంది. బయట మార్పు వస్తే ఇది, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి ఒక ఫాస్ఫేటును తీసి తన మీద పెట్టుకుంటుంది. లోపల తిరుగుతున్న రెండో ప్రొటీన్ ఆ ఫాస్ఫేటును అందుకుని, డీఎన్ఏ మీద కూర్చుని కొన్ని జన్యువులను మొదలుపెడుతుంది, కొన్నిటిని ఆపుతుంది. ఈకొలిలో ఇలాంటి జంటలు దాదాపు ముప్పై ఉన్నాయి. జంతువుల్లో ఇవి లేవు.

ఫాస్ఫేటు, ఏటీపీ అనగానే తెలుగువాళ్లకు గుర్తు రావలసిన మనిషి ఒకరున్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో జీవ ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను రంగును బట్టి కొలిచే పద్ధతి తయారు చేశారు. ఆ కొలత చేతిలో ఉండబట్టే వాళ్లు 1929లో ఏటీపీని కనుక్కోగలిగారు. అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నాడు. బ్యాక్టీరియా పొరలోని ఆ ప్రొటీన్ కబురు పంపేది ఏటీపీ నుంచి తీసిన ఫాస్ఫేటుతోనే.

టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లాలో ఈ జంట ఎలా పని చేస్తుందో చూడండి. మన రక్షక కణం ఈ బ్యాక్టీరియాను మింగి, ఒక సంచిలో బంధించి, అందులో ఆమ్లం పెంచి, పొరలను చీల్చే చిన్న ప్రొటీన్లను దాని మీదికి వదులుతుంది. మామూలు బ్యాక్టీరియా అక్కడ చావాలి. సాల్మొనెల్లా పొరలోని ఫోక్యూ అనే ప్రొటీన్ ఆ ఆమ్లాన్నీ, ఆ చిన్న ప్రొటీన్లనూ, మెగ్నీషియం తగ్గడాన్నీ గుర్తిస్తుంది. ఫాస్ఫేటు దాని జోడీ ఫోపీకి చేరుతుంది. ఆ తర్వాత బ్యాక్టీరియా తన పై పొర మీది రుణావేశం తగ్గించుకుంటుంది. ధనావేశంతో వచ్చే ఆ చిన్న ప్రొటీన్లకు ఇక గట్టిగా అంటుకునే చోటు ఉండదు. మన కణం చంపడానికి చేసిన ఏర్పాటే దానికి 'ఇప్పుడు నువ్వు లోపలికి చేరావు' అనే కబురు అవుతోంది. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఫోపీ చెడగొట్టిన సాల్మొనెల్లా జబ్బు తేలేకపోయింది.

ఇదే జంట ఐసీయూల్లో ఇన్ఫెక్షన్లు తెచ్చే క్లెబ్సియెల్లా బ్యాక్టీరియాలో కూడా ఉంది. అక్కడ ఫోక్యూను అదుపులో ఉంచే ఎంజీఆర్‌బీ అనే చిన్న ప్రొటీన్ ఉంటుంది. దాని జన్యువు చెడిపోతే ఫోక్యూ ఎప్పుడూ పని చేస్తూనే ఉంటుంది, పొర ఎప్పుడూ మారిన స్థితిలోనే ఉంటుంది. ఇక ఏ మందూ పని చేయనప్పుడు డాక్టర్లు వాడే కొలిస్టిన్ కూడా ధనావేశం ఉన్న అణువే కాబట్టి, అలాంటి క్లెబ్సియెల్లా మీద అది పని చేయదు. ఇందులో బ్యాక్టీరియా బయటి నుంచి కొత్త జన్యువేదీ తెచ్చుకోలేదు. ఉన్న అదుపు పోయింది, అంతే.

అన్ని స్పందనలకూ జన్యువుల దాకా వెళ్లనక్కర్లేదు. ఈదుతున్న ఈకొలి ఆహారం వైపు తిరగడానికి జన్యువు చదివి ప్రొటీన్ తయారయ్యేదాకా ఆగలేదు. అది ఒక సెకను నేరుగా ఈది, క్షణం దొర్లి, ఏదో ఒక కొత్త దిక్కుకు తిరిగి మళ్లీ ఈదుతుంది. తన ముందు కొసకూ వెనక కొసకూ ఆహారంలో తేడా కనిపెట్టడానికి దాని ఒళ్లు మరీ చిన్నది. అందుకే కొన్ని సెకన్ల కిందట ఎంత ఉందో ఇప్పుడు ఎంత ఉందో పోల్చుకుంటుంది. పెరుగుతుంటే దొర్లడం తగ్గిస్తుంది. ఆ కొన్ని సెకన్ల జ్ఞాపకం, గ్రాహక ప్రొటీన్ల మీద చేరే, తొలగే మిథైల్ అనే చిన్న రసాయన గుంపుల్లో ఉంటుంది.

పక్కన తనవాళ్లు ఎంతమంది ఉన్నారో కూడా బ్యాక్టీరియా తెలుసుకుంటుంది. ఒక్కో కణం చిన్న అణువును బయటికి వదులుతుంది. గుంపు పెరిగేకొద్దీ ఆ అణువు చిక్కబడి, ఒక హద్దు దాటగానే అందరిలోనూ కొన్ని జన్యువులు ఒకేసారి మొదలవుతాయి. హవాయి తీరంలోని స్క్విడ్ అనే చిన్న సముద్రజీవిలో కాపురముండే బ్యాక్టీరియా గుంపుగా ఉన్నప్పుడే వెలుగుతుంది, ఇలాగే. గుంపు పెరిగితే జబ్బు కూడా పెరుగుతుందని అనుకుంటాం కానీ, కలరా బ్యాక్టీరియా అందుకు వ్యతిరేకంగా పని చేస్తుంది. తక్కువగా ఉన్నప్పుడు పేగు గోడను పట్టుకునే, విషం చేసే జన్యువులు పని చేస్తాయి. గుంపు బాగా పెరిగాక అవి ఆగిపోతాయి. విరేచనాలతో బయటపడి కొత్త మనిషిని వెతుక్కోవలసిన జీవికి అప్పుడు గోడను వదలడమే లాభం.

మన పొలాల్లో దీన్ని కళ్లతో చూడవచ్చు. కంది, మినుము, వేరుశనగ విత్తనాలకు రైతులు పట్టించే రైజోబియం కల్చర్‌లో ఉన్నవి బ్యాక్టీరియానే. అవి మట్టిలో ఉన్నంతకాలం వేరు బుడిపెలు కట్టించే జన్యువులను వాడవు. పప్పుజాతి మొక్కల వేళ్లు ఫ్లేవనాయిడ్ అనే పదార్థాలు వదులుతాయి. బ్యాక్టీరియాలోని నాడ్‌డీ ప్రొటీన్ తనకు సరిపడే ఫ్లేవనాయిడ్‌ను గుర్తించినప్పుడే ఆ జన్యువులు మొదలవుతాయి. వేరుకు తిరుగు కబురు వెళ్తుంది, బుడిపె తయారవుతుంది. పూతకు వచ్చిన కంది మొక్కను జాగ్రత్తగా పీకి, ఒక బుడిపెను గోటితో చిదిమి చూడండి. లోపల ఎర్రగా, గులాబీ రంగుగా ఉంటే అది పని చేస్తోంది. ఆ రంగు మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమైన ప్రొటీన్‌ది, అది ఆక్సిజన్‌ను పట్టి ఉంచుతుంది. గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చే ఎంజైము ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. అందుకే బ్యాక్టీరియాలోని ఫిక్స్‌ఎల్ ప్రొటీన్ ఆక్సిజన్ తగ్గిందని గుర్తించాకే, జోడీ ప్రొటీన్ ద్వారా, నత్రజని పనికి కావలసిన జన్యువులు మొదలవుతాయి. బుడిపె లోపల తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే నత్రజని పని సాగడం లేదన్నమాట. కల్చర్ పట్టించినంత మాత్రాన యూరియా తగ్గించుకోవచ్చని అనుకోకుండా, బుడిపెలు చిదిమి చూసుకోమని నేను చెప్పేది అందుకే.

ఇక యాంటీబయాటిక్స్ దగ్గరికి వద్దాం. సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనకు నాయకత్వం వహిస్తున్న కాలంలో అక్కడ బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుక్కున్నాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు అదే. దీన్ని తట్టుకునే బ్యాక్టీరియాల్లో చాలావాటికి, మందును బయటికి తోసేసే టెట్‌ఏ అనే పంపు ఉంటుంది. పొర నిండా ఈ పంపులు ఉంటే బ్యాక్టీరియాకే హాని. కాబట్టి మందు లేనప్పుడు టెట్‌ఆర్ అనే రిప్రెసర్ ఆ జన్యువును ఆపి ఉంచుతుంది. మందు కణంలోకి రాగానే టెట్‌ఆర్‌కు అతుక్కుంటుంది, టెట్‌ఆర్ డీఎన్ఏను వదిలేస్తుంది, పంపులు తయారవుతాయి. ఆ మందు రైబోజోమును పట్టుకునే దానికన్నా ఎన్నో రెట్లు గట్టిగా టెట్‌ఆర్‌ను పట్టుకుంటుంది. అందువల్ల, బ్యాక్టీరియాను ఆపగలిగేంత మోతాదు చేరకముందే పంపులు సిద్ధమవుతాయి. లాక్టోజ్ కోసం జాకబ్, మోనో వివరించిన ఏర్పాటే ఇది. లాక్టోజ్ చోట మందు ఉంది.

చీము గడ్డలు తెచ్చే స్టాఫిలోకోకస్ ఆరియస్ (స్టాఫ్) బ్యాక్టీరియా విషయంలో ఇది నేరుగా రోగి రిపోర్టులోకి వస్తుంది. దీనికి వాడే క్లిండమైసిన్ రైబోజోముకు అంటుకుని పని చేస్తుంది. కొన్ని స్టాఫ్‌లలో ఎర్మ్ అనే జన్యువు ఉంటుంది, అది రైబోజోమును మార్చి మందును అంటుకోనివ్వదు. అయితే చాలా స్టాఫ్‌లలో ఈ జన్యువు మామూలుగా పని చేయదు. దాన్ని మొదలుపెట్టగలిగేది ఎరిత్రోమైసిన్. క్లిండమైసిన్‌కు ఆ శక్తి చాలా తక్కువ. అందువల్ల ల్యాబ్‌లో క్లిండమైసిన్ పట్టించిన కాగితం బిళ్ల ఒక్కటే పెట్టి చూస్తే బ్యాక్టీరియా లొంగినట్టే కనిపిస్తుంది, చుట్టూ చక్కని గుండ్రటి ఖాళీ వస్తుంది. కానీ చికిత్స నడుస్తుండగా, ఆ జన్యువు అదుపు తప్పి ఎప్పుడూ పని చేసే కణాలు కొన్ని పుట్టుకొచ్చి బతికిపోవచ్చు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది.

దీన్ని ముందే పట్టుకోవడానికి మైక్రోబయాలజీ ల్యాబుల్లో డి టెస్ట్ చేస్తారు. బ్యాక్టీరియా పూసిన ప్లేటు మీద ఎరిత్రోమైసిన్ బిళ్ల పెట్టి, దానికి 15 నుంచి 26 మిల్లీమీటర్ల దూరంలో క్లిండమైసిన్ బిళ్ల పెడతారు. రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచి పొద్దున తీసి చూస్తారు. రెండు బిళ్లల మధ్య ప్రాంతంలో ఎరిత్రోమైసిన్ తగిలి ఎర్మ్ జన్యువు మొదలై ఉంటే, అక్కడి బ్యాక్టీరియా క్లిండమైసిన్‌ను తట్టుకుని పెరుగుతుంది. క్లిండమైసిన్ చుట్టూ ఉండాల్సిన గుండ్రటి ఖాళీ, ఎరిత్రోమైసిన్ వైపు నొక్కేసినట్టు చదునై, ఇంగ్లీషు డి అక్షరంలా కనిపిస్తుంది. అలా కనిపిస్తే ఖాళీ ఎంత పెద్దదిగా ఉన్నా సరే, ఆ బ్యాక్టీరియా క్లిండమైసిన్‌కు లొంగదనే రిపోర్టులో రాయాలి. స్టాఫ్ ఇన్ఫెక్షన్‌కు క్లిండమైసిన్ రాసేముందు, ఎరిత్రోమైసిన్‌కు లొంగని స్టాఫ్ అయితే డి టెస్ట్ చేశారా అని రోగి తరఫువాళ్లు కూడా అడగవచ్చు. అదనంగా కావలసింది ఒక బిళ్ల, సరైన దూరం, అంతే.